మూడు ఆదివారాల ప్రకటన



మీలో ఆదివారం చర్చికి వెళ్ళే అలవాటున్నవారికి ఒక సంగతి బాగా తెలుసు. ఆరాధన మధ్యలో అయ్యగారు ఒక కాగితం తీస్తారు. ఫలానావారి కుమారుడికీ ఫలానావారి కుమార్తెకూ వివాహం నిశ్చయమైంది, ఈ పెళ్ళికి న్యాయమైన అభ్యంతరం ఎవరికైనా తెలిస్తే చెప్పాలి, ఇది మొదటిసారి అని చదువుతారు. పై ఆదివారం రెండోసారి, ఆపై ఆదివారం మూడోసారి. కోలారులోనైనా, బళ్ళారిలోనైనా, జయపురంలోనైనా సంఘాన్నిబట్టి మాటలు కాస్త మారతాయేమో గాని పద్ధతి ఇదే. కొందరు పెండ్లి ప్రకటన అంటారు, కొందరు ఇంగ్లీషు మాటే ఉంచుకుని బేన్సు అంటారు. చర్చికి వెళ్ళని శ్రోతలు దీన్ని ఒక రకం చాటింపు అనుకోవచ్చు. ఊరందరి చెవిన వేసి చేసే పెళ్ళి అన్నమాట.

ఈ ఆచారం చాలా పాతది. 1215లో రోములో జరిగిన లాటరన్ మహాసభ దీన్ని పాశ్చాత్య క్రైస్తవ లోకమంతటికీ నియమంగా పెట్టింది. రహస్యపు పెళ్ళిళ్ళు జరగకూడదని, వరుస కానివారు పెళ్ళాడకూడదని దాని ఉద్దేశం. మేనరికాలు మామూలైన మన ఇళ్ళకు ఆ వరుసల లెక్క కొంచెం విడ్డూరంగా ఉంటుంది, అది వేరే సంగతి. మన దేశంలోనూ 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం లైసెన్సున్న పాస్టరుగారు పెళ్ళి చేయాలంటే ముందు నోటీసు తీసుకోవాలి, దాన్ని చర్చిలో అందరికీ కనబడేచోట అంటించాలి. పెళ్ళయ్యాక వివరాలు రిజిస్టరులో ఎక్కించి నకలు ప్రభుత్వానికి పంపాలి. ఈ రిజిస్టరు మాట గుర్తుంచుకోండి, దీనితో మనకు తర్వాత పని ఉంది.

ఈ పాత ఆచారాన్ని పట్టుకుని కెనడా దేశంలో ఒక చర్చి, ఆ దేశపు పెళ్ళి చట్టాన్నే మార్చిన వ్యాజ్యానికి తలుపు తీసింది. ఆ చర్చి పెళ్ళి చేసింది ఇద్దరు పురుషులకు ఒకటి, ఇద్దరు స్త్రీలకు ఒకటి. వింతగా తోచవచ్చు, ఒప్పుకోబుద్ధి కాకపోవచ్చు. ఒప్పుకోవడం మీ ఇష్టం. కాని ఏం జరిగిందో, ఎలా జరిగిందో తెలుసుకోవడం మంచిది. ఎందుకంటే ఇదే ప్రశ్న మన సుప్రీంకోర్టు ముందుకు కూడా వచ్చింది, అందులో మొదటి అర్జీదారుల్లో హైదరాబాదులో ఉండేవారున్నారు.

ముందు ఆ చర్చి సంగతి. దాని పేరు మెట్రోపాలిటన్ కమ్యూనిటీ చర్చి. అమెరికాలో ట్రాయ్ పెర్రీ అనే పెంతెకొస్తు పాస్టరు ఉండేవాడు. ఆయన మనసు పురుషుల వైపే ఉంటుందని తెలిసి సంఘం వెళ్ళగొట్టింది. దేవుడు తనను వదలలేదని నమ్మి, 1968 అక్టోబరు 6న లాస్ ఏంజెలెస్ దగ్గర హంటింగ్టన్ పార్కులో తన ఇంటి ముందుగదిలోనే ఆరాధన పెట్టాడు. వచ్చినవారు పన్నెండు మంది. అక్కడినుంచి ఊరూరా సంఘాలు లేచాయి. కెనడాలోని టొరంటో నగరంలో సంఘం 1973లో మొదలైంది. 1977లో బ్రెంట్ హాక్స్ దానికి పాస్టరుగా వచ్చి 2017 వరకు, అంటే నలభై ఏళ్ళు, అక్కడే ఉన్నాడు. 1981 ఫిబ్రవరిలో పోలీసులు ఒక్క రాత్రి నాలుగు స్నానశాలలమీద పడి దాదాపు మూడువందల మంది స్వలింగ ప్రేమికులను పట్టుకుపోయినప్పుడు, దానిమీద విచారణ జరిపించాలని ఈయన దాదాపు 25 రోజులు నిరాహారదీక్ష చేశాడు. పంతం పడితే వదిలే మనిషి కాదని మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది.

ఇక పెళ్ళి విషయం. టొరంటో ఉన్న రాష్ట్రం పేరు ఒంటారియో. అక్కడి చట్టంలో పెళ్ళికి రెండు దారులున్నాయి. ఒకటి, నగర కార్యాలయానికి వెళ్ళి లైసెన్సు తెచ్చుకోవడం. రెండోది, తాము ఆరాధించే చర్చిలో ప్రకటన చదివించుకోవడం. ప్రకటన అయితే లైసెన్సు అక్కర్లేదు. చాలామంది మొదటి దారిలోనే పోతారు. రెండోది పూర్వకాలపు పద్ధతిగా పుస్తకంలో మిగిలిపోయింది.

సుమారు అదే కాలంలో ఏడు జంటలు మొదటి దారిన ప్రయత్నించాయి. నగర కార్యాలయంలో గుమాస్తా కాదనీ అనలేదు, ఇస్తాననీ అనలేదు. కోర్టు చెప్పేదాకా కాగితాలు పక్కన పెడతానంది. ఇలాంటి జవాబు ఎలా ఉంటుందో కచేరీల చుట్టూ తిరిగినవారికి చెప్పనక్కర్లేదు. అప్పుడు చర్చివారికి రెండో దారి కనబడింది. ప్రకటన చదవడానికి గుమాస్తా అనుమతి అక్కర్లేదు కదా! చదివేది పాస్టరు, వినేది సంఘం. పైగా ఒంటారియో వివాహ చట్టంలో పెళ్ళాడేవారు పురుషుడు ఒకరు, స్త్రీ ఒకరు అయి ఉండాలని ఎక్కడా రాసి లేదు. ఆ నియమం ఉన్నది రాసిన చట్టంలో కాదు, పాత ఇంగ్లీషు తీర్పుల్లో. దాని మూలం 1866లో లండను న్యాయస్థానం చెప్పిన ఒక తీర్పు. ఆ కేసులో స్వలింగ వివాహం ఊసే లేదు. బహుభార్యాత్వం ఉన్న మార్మన్ సమాజంలో జరిగిన పెళ్ళిని గుర్తించాలా వద్దా అన్నది అక్కడి తగువు. ఆ సందర్భంలో న్యాయమూర్తి వివాహమంటే ఒక పురుషుడు, ఒక స్త్రీ జీవితాంతం కలిసి ఉండటమని నిర్వచనం చెప్పాడు. ఆ వాక్యమే నూట ముప్ఫై ఏళ్ళకు పైగా సగం లోకాన్ని ఏలింది.

2000 డిసెంబరులో మొదలుపెట్టి మూడు ఆదివారాలు బ్రెంట్ హాక్స్ ప్రకటన చదివాడు. రెండు జంటల పేర్లు. కెవిన్ బురాసా, జో వార్నెల్ అని ఇద్దరు పురుషులు. ఎలేన్, ఆన్ వోటూర్ అని ఇద్దరు స్త్రీలు. మూడుసార్లు పేర్లు సంఘమంతటి ఎదుట వినబడ్డాక 2001 జనవరి 14న, ఆదివారంనాడు, రెండు పెళ్ళిళ్ళూ ఒకే వేదికమీద జరిగాయి. బయట పోలీసుల కాపలా. పాస్టరు తన అంగీ కింద తుపాకీ గుండు ఆపే కవచం తొడుక్కుని పెళ్ళి జరిపించాడు. పెళ్ళికి పట్టుబట్టలు కట్టుకోవడం చూశాం గాని, కవచం కట్టుకున్న పురోహితుణ్ణి ఎప్పుడైనా విన్నారా? ఆయనకు వచ్చిన బెదిరింపులు అలాంటివి. లోపల మాత్రం అన్ని పెళ్ళిళ్ళలో జరిగేదే జరిగింది. ప్రమాణాలు, ఉంగరాలు, సంతకాలు. సంతకాలు చర్చి రిజిస్టరులో పడ్డాయి. పాస్టరు జంటలకు ధృవపత్రాలిచ్చి, వివరాలు రాష్ట్ర ప్రభుత్వపు రిజిస్ట్రారు జనరల్‌కు పంపాడు.

ఆ కచేరీ నమోదు చేయనంది. ప్రకటన సక్రమంగా జరిగినా, పాస్టరుకు అధికారం ఉన్నా, పెళ్ళాడినవారు ఒకే లింగంవారు గనుక ఇది చట్టం దృష్టిలో పెళ్ళి కాదంది. చర్చి కోర్టుకెక్కింది. ఏడు జంటల కేసు, చర్చి కేసు కలిపి విన్నారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఇంత గొడవ దేనికి అని మీరు అడగవచ్చు. ఆస్తి కోసమా, పింఛను కోసమా? ఆ ఊహ సహజమే. పెళ్ళి కాగితం లేకపోతే భాగస్వామి ఆసుపత్రిలో ఉన్నప్పుడు లోపలికి రానివ్వరు, పోయినప్పుడు ఇల్లు అన్నదమ్ముల పాలవుతుంది. స్వలింగ జంటలు ఈ బాధలన్నీ పడ్డాయి. కాని ఒంటారియోలో 2001 నాటికే ఇందులో చాలా భాగం తీరింది. 1999 మే 20న కెనడా సుప్రీంకోర్టు పెళ్ళి కాకుండా కలిసి కాపురం చేసే స్త్రీపురుషులకున్న మనోవర్తి హక్కు స్వలింగ జంటలకూ ఉండాలని తీర్పు చెప్పింది. దాన్నిబట్టి ఒంటారియో ప్రభుత్వం ఆ ఏడే 67 చట్టాలను సవరించింది. కాబట్టి డబ్బు విషయం చాలావరకు సర్దుకుంది. అయినా మూడు ఆదివారాలు పేర్లు చదివించుకున్నారు.

నన్నడిగితే ఈ కథలో కీలకం ఇదే. వాళ్ళు కోరింది వేరే పుస్తకంలో వేరే పేరుతో ఇచ్చే హక్కులు కాదు. అందరి పేర్లూ చదివే చోట తమ పేర్లు చదవాలి, అందరి పెళ్ళిళ్ళూ ఎక్కే పుస్తకంలో తమ పెళ్ళి ఎక్కాలి. బంతిలో కూర్చోబెట్టి వడ్డించడం వేరు, అదే అన్నం విస్తట్లో కట్టి పెరటి గుమ్మం దగ్గర చేతికివ్వడం వేరు. వంటకాలు అవే కావచ్చు. అవమానం దేంట్లో ఉందో మన పల్లెల్లో పుట్టినవారికి విడమరిచి చెప్పాలా?

కోర్టులు కూడా చివరికి దాదాపు ఇదే అన్నాయి. 2002 జూలై 12న కింది కోర్టులో ముగ్గురు న్యాయమూర్తులూ పాత నిర్వచనం రాజ్యాంగంలోని సమానత్వ హక్కుకు విరుద్ధమన్నారు. అయితే పార్లమెంటు సరిదిద్దుకోవడానికి రెండేళ్ళు గడువిచ్చారు. అప్పీలు మీద 2003 జూన్ 10న ఒంటారియో అప్పీలు కోర్టు, అక్కడా ముగ్గురే, ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. గడువు లేదు, గిడువు లేదు. ఒక పురుషుడు, ఒక స్త్రీ అన్నచోట ఇద్దరు వ్యక్తులు అని మార్చి, అది ఆ క్షణంనుంచే అమలు అంది. నగర కార్యాలయం లైసెన్సులు ఇవ్వాలంది, చర్చి పంపిన రెండు ధృవపత్రాలనూ నమోదు చేయాలంది. ఆరోజు సాయంత్రంలోగానే టొరంటోలో ఒక జంట పెళ్ళి చేసుకుంది కూడా. ప్రపంచంలో మొదట స్వలింగ వివాహానికి చట్టమిచ్చిన దేశం నెదర్లాండ్స్. అక్కడ 2001 ఏప్రిల్ 1న నాలుగు జంటలు పెళ్ళాడాయి. టొరంటో చర్చిలో జరిగిన పెళ్ళిళ్ళు నమోదయ్యాక వాటి తేదీ జనవరి 14. అంటే దాదాపు రెండున్నర నెలలు ముందు!

ఒక విచిత్రం చెప్పాలి. చర్చి వేసిన వాదనల్లో ఒకటి ఓడిపోయింది. మా మతం ప్రకారం మేం చేసిన పెళ్ళిని ప్రభుత్వం కాదనడం మా మతస్వేచ్ఛకు భంగం అని వారు వాదించారు. కోర్టు ఒప్పుకోలేదు. మీరు మీ ఆచారం ప్రకారం పెళ్ళి జరుపుకోకుండా ప్రభుత్వం అడ్డుపడలేదు కదా, ఇక్కడి ప్రశ్న చట్టం గుర్తించే వివాహం గురించి, మతకర్మ గురించి కాదు అంది. చర్చి గెలిచింది మతం పేర కాదు, సమానత్వం పేర. అదే కత్తి రెండో వైపు కూడా కోస్తుంది. ఒక మతం చెప్పిందని చట్టం పెళ్ళిని గుర్తించనక్కర్లేదు, ఇంకో మతం కూడదన్నదని తోసిపుచ్చనూ అక్కర్లేదు.

కూడదన్నవారు తక్కువేమీ కాదు. అదే కోర్టులో కాథలిక్కులు, ఎవాంజలికల్ క్రైస్తవులు, ముస్లింలు కలిసి ఒక కూటమిగా వచ్చి పాత నిర్వచనం వైపు నిలిచారు. ఉదారవాద యూదు రబ్బీలు మరో కూటమిగా చర్చి వైపు నిలిచారు. ఆ ఏడే జూలై చివర్లో వాటికన్ ఇలాంటి చట్టాలను కాథలిక్కులు వ్యతిరేకించాలని పత్రం విడుదల చేసింది. ఆదికాండంలో దేవుడు స్త్రీనిగాను పురుషునిగాను సృజించాడని ఉంది, లేవీయకాండం, రోమా పత్రిక ఇలాంటి సంబంధాన్ని ఖండిస్తున్నాయి అని వారి వాదన. మీ సంఘాల్లో చాలామంది మాట కూడా ఇదే అయి ఉంటుంది. సమర్థించేవారూ బైబిలు పట్టుకునే మాట్లాడతారు. ఆ వాక్యాలు పుట్టిన కాలంలో ఖండించింది విగ్రహారాధనతో కలిసిన పనులను, బలవంతపు పనులను గాని, జీవితాంతం కలిసి ఉంటామనే ఇద్దరి ప్రమాణాన్ని కాదంటారు. అపొస్తలుల కార్యముల ఎనిమిదో అధ్యాయంలో ఐతియోపీయ నపుంసకుడి కథ తరచు చూపిస్తారు. ధర్మశాస్త్రం ప్రకారం సమాజంలో చేర్చుకోరాని మనిషి తనకు బాప్తిస్మం పొందడానికి ఆటంకమేమని అడిగితే, దారిలో బండి ఆగాక ఫిలిప్పు అతనితో నీళ్ళలోకి దిగి బాప్తిస్మమిచ్చాడు కదా అంటారు. ఏది సరైన వ్యాఖ్యానమో తేల్చడం పది నిమిషాల ప్రసంగానికి మించిన పని. కాని ఒక్కటి గమనించండి. ఇది చర్చికీ చర్చికి బయటివారికీ మధ్య తగవు కాదు. రెండు వైపులా మోకరించి ప్రార్థించేవారే ఉన్నారు.

కెనడాలో ఎక్కువమంది సభ్యులున్న ప్రొటెస్టెంటు సంఘం యునైటెడ్ చర్చి. అది స్వలింగ ప్రేమికులు పాస్టర్లు కావచ్చునని 1988లోనే తీర్మానించింది. ఆ తీర్మానం మీద అలిగి వెళ్ళిపోయిన సంఘాలూ ఉన్నాయి. 2003లో పెళ్ళికి చట్టం చేయమని ప్రభుత్వాన్ని కోరింది. ప్రెస్బిటేరియన్ చర్చి చాలాకాలం తర్జనభర్జన పడి 2021లో రెండు పద్ధతులనూ అనుమతించింది. ఆంగ్లికన్ చర్చిలో 2019లో నియమావళి మార్పు బిషప్పుల ఓట్లు చాలక వీగిపోయింది, ఏ డయోసిస్ నిర్ణయం ఆ డయోసిస్‌కు వదిలారు. కాథలిక్ చర్చి ఈనాటికీ స్వలింగ వివాహం జరపదు.

జరపకపోతే శిక్ష ఉందా? లేదు. చాలామందికి ఉన్న భయం ఇదే కాబట్టి నొక్కి చెబుతున్నాను. కేంద్ర ప్రభుత్వం ముసాయిదా చట్టం తయారుచేసి ముందుగా సుప్రీంకోర్టు సలహా అడిగింది. 2004 డిసెంబరు 9న సుప్రీంకోర్టు చెప్పింది ఏమంటే, తమ విశ్వాసానికి విరుద్ధమైన పెళ్ళి జరపాలని ఏ మతాధికారినీ ప్రభుత్వం బలవంతపెట్టడానికి వీల్లేదు, రాజ్యాంగమే వారికి రక్ష. 2005 జూన్ 28న దిగువ సభలో 158 ఓట్లు అనుకూలంగా, 133 వ్యతిరేకంగా వచ్చాయి. జూలై 20న చట్టమైంది. మతాధికారులు నిరాకరించవచ్చన్న మాట ఆ చట్టంలోనే రాసి ఉంది. హాక్స్ చర్చి చేస్తుంది, పక్క వీధి చర్చి చేయదు. రెండూ చట్టబద్ధమే.

ఇక మన వైపు చూద్దాం. పెళ్ళి ఎక్కడ రాస్తే పెళ్ళి అన్నది దేశాన్నిబట్టి ఉంటుంది. యానాంలో ఫ్రెంచి పౌరసత్వం ఉన్న కుటుంబాలకు ఈ తేడా తెలుసు. ఫ్రెంచి చట్టం దృష్టిలో గుడిలో, చర్చిలో జరిగేది వేడుక మాత్రమే. మునిసిపాలిటీలో రాసిందే పెళ్ళి. ఫ్రాన్సులో 2013 నుంచి ఆ పుస్తకంలో స్వలింగ జంటల పేర్లూ ఎక్కుతున్నాయి. మన భారతీయ చట్టంలో మాత్రం ఎవరి మతాన్నిబట్టి వారి పెళ్ళి, మతంతో నిమిత్తం లేదనుకునేవారికి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం.

2018 సెప్టెంబరు 6న మన సుప్రీంకోర్టు శిక్షాస్మృతి 377వ సెక్షన్ కింద పెద్దవారి పరస్పర సమ్మతితో ఉన్న సంబంధం నేరం కాదంది. ఆ తర్వాత పెళ్ళి హక్కు కోసం అర్జీలు పడ్డాయి. వాటన్నిటికీ కలిపి పేరిచ్చిన సుప్రియో కేసు హైదరాబాదులో కాపురమున్న ఇద్దరు పురుషులది. 2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తులూ పెళ్ళి ప్రాథమిక హక్కు కాదన్నారు. పెళ్ళి కాకపోయినా జంటగా చట్టపు గుర్తింపు ఇవ్వాలా అన్న దగ్గర ముగ్గురు వద్దని, ఇద్దరు ఇవ్వాలని చీలిపోయారు. పునఃపరిశీలన అర్జీలను 2025 జనవరి 9న కొట్టివేశారు. చట్టం చేయాలంటే ఇక పార్లమెంటే చేయాలి.

ఆ కేసులో అర్జీదారులు కొందరు ప్రత్యేక వివాహ చట్టంలోని ముప్ఫై రోజుల నోటీసు కూడా తీసేయమని అడిగారు. కచేరీ గోడమీద పేర్లు అంటిస్తే ఇంట్లోవాళ్ళు వచ్చి ఈడ్చుకుపోతారని వారి భయం. టొరంటోలో ఏ ప్రకటన కోసం కవచం కట్టుకుని నిలబడ్డారో, ఇక్కడ అదే ప్రకటన ప్రాణభయమైంది. వినే సంఘం తమదైతే ఒకలా ఉంటుంది, పగవారైతే ఇంకొకలా ఉంటుంది.

పెళ్ళి కాకపోయినా, 2023 తీర్పు సందర్భంగా కేంద్రం వేసిన సంఘం సూచనల మీద 2024లో కొన్ని సౌకర్యాలు వచ్చాయి. ఇవి ఎక్కువమందికి తెలియవు కనుక చెబుతున్నాను. రేషన్ కార్డు విషయంలో ఇలాంటి భాగస్వాములను ఒకే ఇంటివారిగా లెక్కించాలని ఆహార శాఖ రాష్ట్రాలకు రాసింది. దగ్గరి బంధువులు అందుబాటులో లేనప్పుడు భాగస్వామి మృతదేహాన్ని తీసుకోవచ్చునని ఆరోగ్య శాఖ రాసింది. ఇద్దరూ కలిసి బ్యాంకులో ఉమ్మడి ఖాతా తెరవడానికి, ఒకరిని ఒకరు నామినీగా పెట్టుకోవడానికి ఏ అడ్డూ లేదని ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. మీ ఊరి బ్యాంకులో ఎవరైనా అటువంటి నిబంధన లేదు పొమ్మంటే, ఆ ఉత్తర్వు తేదీ 2024 ఆగస్టు 28 అని రాసుకుని వెళ్ళి చెప్పండి.